జాడీకి చీటీ కట్టాలి కదండీ

మొన్న వేసవిలో పుణే నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఆవకాయ బూజు పట్టేసింది" అని. నాకు తెలియకుండా ఆవకాయ ఎప్పుడు పెట్టావే అంటే, ఆఫీసులో స్నేహితురాళ్లు అడిగారని నాలుగు కాయలు తెచ్చి పెట్టిందట. ఇంటర్నెట్‌లో చూసి పెట్టిందట. కాయలు కడిగాక బట్టతో తుడిచి, తడి లేకుండా ఆరనివ్వాలన్న ముక్క అందులో ఎక్కడా లేదట. తడి ముక్కల్లోనే కారం, ఆవపిండి కలిపేసింది పిచ్చిపిల్ల.

"మీ నానమ్మ ఆవకాయ గురించి నేను అంత వివరంగా రాశాను కదే, అది చూసుకోవచ్చుగా?" అన్నాను కోపంగా.

"వెతికానమ్మా. నీది రాలేదు."

ఫోన్ పెట్టేశాక నేనూ వెతికాను. నిజమే, రాలేదు. మూడు పేజీలు తిరగేసినా ఎవరెవరి ఆవకాయలో వచ్చాయి గానీ మా అత్తయ్యగారిది రాలేదు. అప్పుడు నేను రాసిందే తీసి పరాయిదానిలా చదివాను. దానికి నేను పెట్టిన పేరు "ఎర్రటి జ్ఞాపకం". మొదటి నాలుగు పేరాలూ అత్తయ్యగారి గాజుల చప్పుడు, అటక, వేసవి సెలవులు. ఆవకాయ అన్న మాట ఐదో పేరాలో వచ్చింది. అసలు కొలతలేమో ఆవిడ చేత్తో రాసిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టేశాను, విడిగా టైపు చెయ్యలేదు. ఆ ఫొటోకి ఫోన్ పెట్టిన నంబరే పేరు. పాపం, ఏ యంత్రమైనా అది ఆవకాయ అని ఎలా పోల్చుకుంటుంది చెప్పండి?

నిజం చెప్పొద్దూ, ఎస్‌ఈఓ అంటే నాకు చిన్నచూపు ఉండేది. సరుకు అమ్ముకునేవాళ్లకి కావలసిన విద్య అది, మనసులో మాట రాసుకునే మనకెందుకు అనుకునేదాన్ని. కూడలి, హారం, మాలిక లాంటివి వెలిగిన రోజుల్లో మనం ఏం రాసినా అక్కడ కనిపించేది, పేరు ఎంత కవితాత్మకంగా ఉంటే అంత బాగా చూసేవారు. ఇప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా వెతుక్కుంటూ వస్తున్నారు. వెతికేవాళ్లు "ఎర్రటి జ్ఞాపకం" అని టైపు చెయ్యరు కదా. "ఆవకాయ బూజు పట్టకుండా ఎలా" అని చేస్తారు.

వెతికే యంత్రం చేసే పని మరీ బ్రహ్మవిద్యేం కాదండీ. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని తిరుగుతుంది, కనిపించింది చదివి తన పద్దు పుస్తకంలో రాసుకుంటుంది. మనం అడిగినప్పుడు ఆ పుస్తకంలోంచి ఏరి ఇస్తుంది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ని మొదలుపెట్టినప్పుడు వాళ్ల అసలు ఆలోచన ఏమిటంటే, ఒక పేజీకి మంచి పేజీలు ఎన్ని లింకు ఇస్తున్నాయో చూసి దాని విలువ కట్టడం. పెళ్లి సంబంధం వస్తే నలుగురినీ వాకబు చేస్తాం చూడండి, అలాగన్నమాట. ఆ తర్వాత ఇంకా ఎన్నో లెక్కలు చేరాయి గానీ ఆ వాకబు ఇంకా ఉంది.

కాబట్టి మొదట పేరు. మన భాషలో, వెతికేవాళ్లు అడిగే మాట అందులో ఉండాలి. "అత్తయ్యగారి ఆవకాయ: కొలతలు, బూజు పట్టకుండా జాగ్రత్తలు" అని మార్చాను. అందం తగ్గిందా? తగ్గింది. కానీ అటక మీద పది జాడీలుంటే ఏది మాగాయో ఏది ఆవకాయో తెలియడానికి అత్తయ్యగారు మూతిగుడ్డకి చీటీ కట్టేవారు. ఆ చీటీ మీద ఆవిడ కవిత్వం రాయలేదు.

పాత వాటికి పేరు మార్చేటప్పుడు మాత్రం పైన ఉండే చిరునామా జోలికి పోకండి. అది మారిస్తే ఇదివరకు ఎవరైనా దాచుకున్న లింకులు తెగిపోతాయి. కొత్తగా రాసేటప్పుడైతే చిరునామా పొట్టిగా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక్కోసారి శాతం గుర్తులూ అంకెలూ కలిసి బారెడు పొడుగున వస్తుంది, అవతలివాళ్లు వైరస్ అనుకుని భయపడతారు. మా ఆడపడుచు అలాగే భయపడి తీసేసింది.

కొలతలు, పద్ధతి అక్షరాల్లోనే రాయాలి. ఫొటో ఉంచండి, దాని కింద ఇదేమిటో ఒక వాక్యం రాయండి. ఫొటో పెట్టేచోట ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి ఉంటుంది, అదీ నింపండి. అది యంత్రం కోసమే కాదు. చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించేది ఆ వాక్యాన్నే. ఆవకాయ రాసినచోట మాగాయకి లింకు ఇవ్వండి, "ఇక్కడ నొక్కండి" అని కాకుండా "మాగాయ పెట్టే పద్ధతి" అన్న మాటకే ఇవ్వండి.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది గూగుల్ సెర్చ్ కన్సోల్. డబ్బు కట్టక్కర్లేదు. ఏ మాటలు టైపు చేస్తే మన పేజీ కనిపించిందో చూపిస్తుంది. మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో చూసి నవ్వుకున్నాను. కానీ అందులో ఒక ప్రశ్న చూశాక నవ్వు ఆగిపోయింది: ఆవకాయలో ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలి? నేను అది రాయనే లేదు. తెలియక కాదు, అంత చిన్న విషయం రాయాలని తోచక. అదే రోజు కూర్చుని రాశాను. ఇంకో రెండు పుల్లటి కాయలు తుడిచి ఆరబెట్టి ముక్కలు కోసి, ఉప్పు లేకుండా ఆవపిండి, కారం, నూనె కలిపి జాడీలో వేసి తిరగకలపాలి, అని. ఎక్కడో ఒక వంటింట్లో జాడీ ముందు నిలబడి దిక్కులు చూస్తున్న పిల్ల అడిగిన ప్రశ్న అది.

ఇదంతా చదివి అటువైపు మరీ ఎక్కువగా వెళ్లిపోకండి. "ఆవకాయ పెట్టడం ఎలా అని ఆవకాయ పెట్టాలనుకునేవారు ఆవకాయ గురించి" అంటూ సాగే రాతలు మీరూ చూసే ఉంటారు. చీటీ జాడీకి కట్టాలి గానీ ఊరగాయలో కలిపేస్తే ఎలా? పైగా దానివల్ల లాభమూ లేదు. కీవర్డ్స్ నింపే పాత గడిని ర్యాంకు కోసం చూడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. సరుకు లేకుండా మాటలు నింపిన పేజీలను వెనక్కి నెట్టడానికి 2011లో పాండా అని పెద్ద మార్పు తెచ్చింది.

ఒకాయన ఫోన్ చేసి, ఇంత ఇస్తే నెలలో మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. అదే చెప్పాను, ఆయన ఫోన్ పెట్టేశాడు. మా ఆయన మాత్రం, ఆ డబ్బు నాకిస్తే నేనే రోజూ చదువుతాను కదా అన్నారు.

పేరు మార్చిన మర్నాడే ఏమీ జరగలేదు. రెండు నెలలకి పైగా పట్టింది. ఇప్పుడు "బూజు పట్టకుండా" అని వెతికితే మొదటి పేజీలో చివరగా కనిపిస్తోంది. అమ్మాయి దాన్ని ఫొటో తీసి పంపింది, వచ్చే ఏడాది మామిడికాయలకి ఇప్పటినుంచే డబ్బులు దాస్తున్నానంటూ.

ఖాళీ దొరికినప్పుడల్లా పాతవి తీసి ఒక్కొక్కదానికీ పేరు మారుస్తున్నాను. అత్తయ్యగారు పోయిన నెలలో రాసింది ఒకటుంది, "ఖాళీ జాడీ" అని. అందులో కొలతలు లేవు, పద్ధతి లేదు. అలా వెతికేవాళ్లు ఎవరూ ఉండరని తెలుసు. దాని పేరు మాత్రం మార్చలేదు.