మురుగుకు లెక్క చెప్పాలి: రాజమహేంద్రవరం ఉద్యమ ప్రణాళిక

ఈ ఊరు వాడి వదిలేసిన నీళ్లకు ఈ ఊరే జవాబుదారీ. ఈ ఒక్క మాట మీద మేం ఒక్కటయ్యాం. వార్డు వార్డునా ఇదే మాట చెప్పడానికి ఉద్యమం మొదలుపెడుతున్నాం.

మన మురుగు నల్లా ఛానల్, ఆవ ఛానల్ గుండా గోదావరిలో కలుస్తోందని ఇక్కడ తెలియనివాళ్లు లేరు. కలిశాక ఎవరింటికి పోతోందన్నది మాత్రం మాట్లాడుకోం. ఊరు దాటగానే ధవళేశ్వరం. 1852లో ఇంజినీరు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి అక్కడ కాలువల్లోకి మళ్లిన నీరే డెల్టాకు ఆధారం. పొలానికీ అదే, తాగడానికీ అదే. కోనసీమలో, భీమవరం వైపు ఎన్నో ఊళ్లు కాలువ నీటితో మంచినీటి చెరువు నింపుకుని, వడగట్టుకుని తాగుతాయి. మనం రేవులో మూడు మునకలేసి దండం పెట్టుకునే నదిలోకే మన మరుగుదొడ్ల నీళ్లు వదులుతున్నాం. ఎండాకాలం ప్రవాహం సన్నబడితే కిందివాళ్లకు చేరే మురికి మరింత చిక్కబడుతుంది. ఇది అన్యాయం. ఇంతకంటే మెత్తటి మాట మాకు దొరకలేదు.

2011 జనాభా లెక్కల్లో నగరం 3.4 లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగవుతుందని ఇంజినీర్లు వేసే లెక్క ప్రకారం చూసినా రోజుకు 3.6 కోట్ల లీటర్ల పైమాటే. ఇందులో శుద్ధి అయ్యేదెంత, కానిదెంత? ఈ ప్రశ్నకు ప్రతిరోజూ జవాబు కావాలి. హుకుంపేట శుద్ధి కేంద్రంలోకి వచ్చిన నీరెంత, బయటికి పోయిన నీటి నాణ్యత ఎంత అన్నది తెలుగులో రాసి వార్డు సచివాలయాల్లో అంటించాలి.

కొత్త శుద్ధి కేంద్రం కట్టేస్తే పని అయిపోయిందనుకోవడం మన దేశమంతటా జరుగుతున్న పొరపాటు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక చూడండి: పట్టణాల మురుగు రోజుకు సుమారు 7,236 కోట్ల లీటర్లు, శుద్ధి చేయగల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు, నిజంగా శుద్ధయింది 2,023 కోట్లు. కట్టినవి కూడా నిండుగా నడవడం లేదు. గాలి ఊది శుద్ధి చేసే కేంద్రాల్లో అసలు పనివాళ్లు సూక్ష్మజీవులు. బ్లోయర్లు తిరుగుతున్నంతసేపే అవి బతికి మురుగును తింటాయి. కరెంటు పోయి చాలాసేపు గాలి ఆడకపోతే దెబ్బతిని చావడం మొదలుపెడతాయి. మళ్లీ పెంచుకోవడానికి రోజులూ వారాలూ పడతాయి. అందుకే నగరపాలక బడ్జెట్‌లో మేం ముందుగా వెతికేది శుద్ధి కేంద్రం కరెంటు బిల్లుకూ, జనరేటరు డీజిలుకూ, రాత్రి షిఫ్టులో పని తెలిసిన ఆపరేటరు జీతానికీ పెట్టిన డబ్బు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులు ఛానళ్లకు అడ్డుకట్ట వేసి తర్వాత వదిలేస్తామంటే ఒప్పుకోం. స్నానానికి తగిన నదీజలంలో బీఓడీ (నీటిలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి కావలసిన ఆక్సిజన్) లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. ప్రతి స్నానఘట్టం దగ్గరా ఆ రోజు అంకె బోర్డు మీద ఉండాలి, పుష్కరాల తర్వాత కూడా.

మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపకూడదు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నేరంగా చేసింది. మురుగు గుంతలో ప్రాణం పోతే 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. మాకు పరిహారం పెంచడం కాదు, చావులు ఆగడం కావాలి. మా సభ్యుల ఇళ్లకు మురుగు తీయడానికి యంత్రం లేకుండా మనుషులు వస్తే పని చేయించుకోం.

ఇదంతా ఉచితంగా రావాలనీ మేం అడగడం లేదు. భూగర్భ డ్రైనేజీ వేసిన వీధిలో ముందుగా మేమే కనెక్షన్ తీసుకుంటాం, రుసుము కడతాం. సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని సైడు కాలువలోకి వదిలిన సభ్యులు మూసేస్తారు. ట్యాంకరు మా ఇంటి మడ్డిని ఎక్కడ పోసిందో రసీదు అడుగుతాం.

మీ ఇంటి మురుగు ఎటు పోతోందో ఈ వారమే వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా, అర్జీ నకలు పట్టుకుని మాతో రండి.