లయోలా నూరేళ్ళూ, రాయపురం పిల్లలూ

చెన్నై లయోలా కాలేజీకి 2025తో నూరేళ్ళు పూర్తయ్యాయి. జెస్యూట్ ఫాదర్ బెర్ట్రాం 1925లో గుప్పెడుమంది విద్యార్థులతో మొదలుపెట్టిన కాలేజీ అది. నూరేళ్ళ పండగన్నాక సన్మానాలుంటాయి, సావనీర్లుంటాయి, ఒక మాట కూడా తప్పకుండా ఉంటుంది: మా దగ్గర అన్ని మతాలవాళ్ళూ, అన్ని కులాలవాళ్ళూ, అన్ని రాష్ట్రాలవాళ్ళూ చదువుతారు అని. క్యాథలిక్ కాలేజీలన్నీ చెప్పుకునే మాటే, చాలావరకు నిజం కూడా. నేను అడగదలచింది ఆ తర్వాతి సంగతి. మధ్యాహ్నం ఎవరి క్యారియర్ పక్కన ఎవరి క్యారియర్ తెరుచుకుంటోంది?

రాయపురం నుంచి లయోలాకు వెళ్ళడం పెద్ద పనేం కాదు. లోకల్ ఎక్కి బీచ్ స్టేషన్లో దిగి, తాంబరం బండి పట్టుకుంటే నుంగంబాక్కం. స్టేషన్ ఎదురుగానే కాలేజీ. ఆ రాయపురం స్టేషన్ 1856లో తెరిచింది. దక్షిణాదిలో మొదటి రైలు అక్కడినుంచే ఆర్కాటు వైపు బయల్దేరింది. పడవలవాళ్ళు 1829లో కట్టుకున్న సెయింట్ పీటర్స్ చర్చి, 1910లో పార్శీలు కట్టుకున్న అగ్ని దేవాలయం, 1949లో డీఎంకే తొలి బహిరంగ సభ జరిపిన రాబిన్‌సన్ పార్కు, అన్నీ నడిచి చూడగలిగినంత దగ్గర. పక్కనే కాశిమేడు రేవు. తెల్లారకముందే అక్కడ చేపల వేలం మొదలవుతుంది. ఈ వీధుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే పారిశుధ్య కార్మికుల కుటుంబాలున్నాయి. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల కార్మికులు ప్రైవేటీకరణ వద్దంటూ కార్పొరేషన్ కార్యాలయం రిప్పన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చుంటే, అర్ధరాత్రి పోలీసులు వచ్చి లేపేశారు. ఆ ఇళ్ళ పిల్లలు కూడా డిగ్రీ చదవడానికి వస్తారు. పది రకాల మనుషుల మధ్య బతకడం వాళ్ళకు ఏ కాలేజీ నేర్పనక్కర్లేదు. కుళాయి దగ్గర బిందెల వరసలోనే నేర్చుకుని వస్తారు.

ఎవరిని చేర్చుకోవాలన్న విషయంలో మన చట్టం ఈ కాలేజీలకు ఇచ్చినంత వెసులుబాటు మరెవరికీ ఇవ్వలేదు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. లయోలాకు ప్రిన్సిపాల్‌గా చేసిన ఫాదర్ జెరోమ్ డిసౌజా రాజ్యాంగ సభలో సభ్యుడు, మైనారిటీ హక్కుల చర్చల్లో గట్టిగా మాట్లాడినవాడు. తర్వాత 2005 నాటి 93వ సవరణ ప్రైవేటు కాలేజీల్లోనూ రిజర్వేషన్లకు దారి తెరిచినప్పుడు, మైనారిటీ సంస్థలను మాత్రం పక్కన పెట్టింది. అంటే దళితుల పిల్లకు సీటివ్వాలా వద్దా అన్నది రాజ్యాంగం ప్రకారం వీళ్ళకు నిర్బంధం కాదు, వీళ్ళ మనసు. జెస్యూట్లు పేదలకూ, దళితులకూ, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళకూ ముందు చోటిస్తామని చెప్పుకుంటారు. మంచిదే. మనసు మీద ఆధారపడిన పనికి లెక్క చూపించాలి గనుక, ఏటా ఏ కోర్సులో ఎంతమందికి ఇచ్చారో కాలేజీ గోడ మీద అంటించమని నేను కోరతాను.

క్రైస్తవులైన దళితుల సంగతి ఇంకా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు మాత్రమే ఎస్సీ. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, క్రైస్తవులు చేరలేదు. తమిళనాడులో తెలుగు మాట్లాడే దళితుల ఆది ఆంధ్ర కులం ఎస్సీ జాబితాలో ఉంది, 2009 నుంచి అరుంధతియార్లకిచ్చిన 3 శాతం లోపలి కోటాలోనూ ఉంది. ఆ కులంలో అన్న బాప్తిస్మం పుచ్చుకుంటే బీసీ అవుతాడు, పుచ్చుకోని తమ్ముడు ఎస్సీగా మిగులుతాడు. ఇల్లొకటే, వీధొకటే. సరిహద్దు దాటి ఆంధ్రకు వస్తే అలాంటి అన్నకు పేరు బీసీ-సీ, వాటా 1 శాతం. ప్రభుత్వం సంగతి సరే, చర్చి మాటేమిటి? 2016 డిసెంబరులో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో, చర్చి లోపలా అంటరానితనం ఉందని ఒప్పుకున్నారు. 2022లో మన ఉమ్మడి కర్నూలు జిల్లా బిడ్డ, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు, ఆ పదవికెక్కిన తొలి దళితుడాయన. అంతకు పదిహేను వందల ఏళ్ళ ముందునుంచీ కేరళలో క్రైస్తవులున్నారన్నది గుర్తు పెట్టుకుంటే చాలు.

సరే, సీటు వచ్చిందనుకుందాం. లయోలాలో షిఫ్ట్ వన్, షిఫ్ట్ టూ ఉంటాయి. ప్రభుత్వ సాయంతో నడిచే కోర్సులు పొద్దున, సొంత ఫీజులతో నడిచేవి మధ్యాహ్నం నుంచి. చెన్నైలో చాలా కాలేజీల ఏర్పాటు ఇదే. ఒకే గేటు, రెండు గడియారాలు. ఫీజు కట్టగలిగినవాడు లోపలికి వచ్చే వేళకు కట్టలేనివాడు ఇంటిదారి పట్టి ఉంటాడు, పార్ట్‌టైమ్ పనికో, చిన్నతమ్ముణ్ణి బడినుంచి తేవడానికో. అడ్మిషన్ జాబితాలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు.

తర్వాత భాష. ఇంగ్లీషులో డాబు కొట్టేవాణ్ణి చెన్నైలో ‘పీటర్’ అని ఏడిపిస్తారు. ఏడిపించేవాడి మనసులో మాత్రం తనకూ వస్తే బాగుండునని ఉంటుంది. కల్చురల్స్ కమిటీలో ఎవరుంటారు, మైకు ఎవరి చేతికి వస్తుంది అన్నది ఇంగ్లీషే తేలుస్తుంది. ప్రభుత్వ కాలేజీల కుర్రాళ్ళు ఇంకో రకం. వాళ్ళ స్నేహాలూ, తగాదాలూ బస్సు రూటును బట్టి. రూటుకో ‘తల’, పాటలు, బస్సునే ఊరేగించే బస్ డే గొడవలు. హైకోర్టు దాకా పోయిన వ్యవహారమది, నేను మెచ్చుకోను. కానీ ఆ బస్సులో రాయపురం కుర్రాడు నాయకుడు కాగలడు.

మన తెలుగువాళ్ళ నిర్వాకం కూడా చెప్పుకోవాలి. గుంటూరు నుంచో, నెల్లూరు నుంచో చెన్నై వచ్చి చదివే పిల్లలకు రాయపురం తెలుగు వింటే నవ్వొస్తుంది. సగం అరవం కలిసిన యాస, చదవడం రాని తెలుగు. 2006 నాటి చట్టం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేశాక ఆ పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దేది ఎక్కడ? అమ్మతో మాట్లాడే భాష ఒకటే అయినా క్యాంటీన్లో తెలుగు బల్ల దగ్గర ఆ కుర్రాడికి కుర్చీ దొరకదు. వాడు తమిళ బల్లకే వెళ్తాడు. 1953లో విజయవాడలో ఆంధ్ర లయోలా వచ్చేదాకా, ఆ తర్వాత కూడా, కోస్తా మోతుబరుల కొడుకులు మదరాసు కాలేజీల్లో చదివి వచ్చారు. వాళ్ళలో ఎందరు ఉత్తర మదరాసు తెలుగువాళ్ళ ముఖం చూసి ఉంటారు?

నాకు ఎక్కువ గుచ్చుకునేది సేవ. జెస్యూట్ కాలేజీల్లో విద్యార్థులు మురికివాడలకు వెళ్ళి కొన్ని గంటలు పనిచేయాలి, డిగ్రీలో అది భాగం. ఉద్దేశం గొప్పది, ఎంతోమంది బంగళా పిల్లలకు కళ్ళు తెరిపించింది కూడా. అయితే అలాంటి పేటలోనే పుట్టిన పిల్ల కూడా అదే బృందంలో, అదే బ్యాడ్జీ తగిలించుకుని వెళ్తుంది. తోటి విద్యార్థి ఎవరి ఇంటి ముందో నిలబడి ‘వీళ్ళు ఎలా బతుకుతున్నారో’ అని నిట్టూరుస్తుంటే ఆమె ఎటు చూడాలి? ఆమెను అక్కడ పాఠం చెప్పేదానిగా నిలబెట్టాలని ఎందుకు తోచదు? పేట లెక్కలు, మున్సిపాలిటీ కాగితాలు, నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో, కౌన్సిలర్ దగ్గర పని ఎలా చేయించుకోవాలో ఆమెకు తెలుసు. సర్వే ఫారం ఆమెనే రాయనివ్వండి, మార్కులు ఆమెనే వేయనివ్వండి.

విద్యార్థులు తమంతట తాము కలిసిన సందర్భాలు లేకపోలేదు. 2013 మార్చిలో శ్రీలంకలోని ఈలం తమిళుల కోసం లయోలా విద్యార్థులు ఎనిమిదిమంది నిరాహారదీక్షకు కూర్చున్నారు. కొద్ది రోజుల్లో అది రాష్ట్రమంతా పాకింది, ప్రభుత్వం కాలేజీలు మూసింది. వాళ్ళ డిమాండ్లతో మీరు ఏకీభవించకపోవచ్చు. ఆ శిబిరాల్లో మాత్రం ఎవరి ఇంగ్లీషు ఎంతో, ఎవరి షిఫ్టు ఏదో ఎవరూ అడగలేదు. అలాంటి పని కాలేజీ యాజమాన్యం కల్పించలేదు, కల్పించాలని నేను అనను కూడా. రెండు షిఫ్టుల మధ్య ఒక గంట ఖాళీ ఉంచి, క్యాంటీనూ మైదానమూ ఇద్దరికీ తెరిచి ఉంచడం మాత్రం వాళ్ళ చేతిలో పనే. కల్చురల్స్ కమిటీకి షిఫ్ట్ వన్ నుంచి సగంమందిని తీసుకోవడం, సమావేశాలు తమిళంలోనూ జరపడం కూడా. రాబోయే విద్యాసంవత్సరం టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ప్రిన్సిపాళ్ళు ఈ గంట సంగతి చూడాలి.