లారీ వాల్‌ది దారి, మనవాళ్లది ‘గ్యాప్’

1987లో పెర్ల్ భాషను విడుదల చేసిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్న మనిషి. ఆఫ్రికాలో లిపి లేని ఓ భాషకు లిపి కూర్చాలన్నది అతని, అతని భార్య ఆలోచన. ఆరోగ్యం అడ్డొచ్చి ఆగిపోయాడు, ప్రోగ్రామర్ అయ్యాడు. స్క్రిప్టింగ్ లోకం ఈ కథను ముచ్చటగా చెప్పుకుంటుంది.

అదే వంకర దారిలో మన వాడల పిల్లలు వస్తే ఇంటర్వ్యూ గదిలో దాని పేరు ‘గ్యాప్’. ఇంజనీరింగ్ ఎందుకు చెయ్యలేదు? మధ్యలో రెండేళ్లు ఏమైపోయావు? టెన్త్ నుంచీ వరసగా 60 శాతం ఉందా? ఇల్లు గడవడానికి కూలికెళ్లిన రెండేళ్లు రెజ్యూమేలో ఖాళీ గడులే. కులం అడగరు, అడిగే అవసరమే రాదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు కనుక ఈ వడపోతకు జవాబు చెప్పేవాళ్లూ లేరు.

ఇలాంటివాళ్లకు పైథాన్ వంటి భాషల కమ్యూనిటీలు పక్క వాకిలి. నేను బీఏ మనిషిని. పరిశోధన కోసం జనగణన పట్టికలు సరిచేసుకోబోయి పైథాన్‌లో పడ్డాను. నేను పంపిన మొదటి సవరణ తీసుకున్నప్పుడు నా మార్కులు ఎవరూ అడగలేదు. అయితే ఈ వాకిలికీ సుంకం ఉంది: సొంత ల్యాప్‌టాప్, ఇంగ్లీషు, అన్నిటికన్నా ముఖ్యంగా జీతం లేని రాత్రులు. తిండికి వెతుక్కోనక్కర్లేనివాడే ఉచితంగా పనిచేయగలడు. బెంగళూరు సుదర్శన్ లేఔట్ బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం నడిపింది అందుకే. వివక్ష ఎదుర్కొన్నవాళ్లకు డబ్బిచ్చి పని నేర్పే ఔట్రీచీ ఇంటర్న్‌షిప్ గురించి మన హాస్టళ్లలో ఎందరికి తెలుసు?

ఇక నియమాల సంగతి. ఎన్నో ప్రాజెక్టులు పాటించే ‘కంట్రిబ్యూటర్ కవనెంట్’ ప్రవర్తనా నియమావళి 2.1 కూర్పులో జాతి పక్కనే కులం అన్న మాట చేరింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ మాత్రం, ఉన్న చట్టాలు చాలంటూ ఆ రాష్ట్ర బిల్లును తిప్పికొట్టాడు. ప్రభుత్వం రాయనన్న మాటను వాలంటీర్లు రాశారు.

కానీ ఫిర్యాదు చదివేదెవరు? “ఇంటిపేరేంటి? ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?” అని అడగడంలో ఉన్న గాయం అమెరికా మెయింటెయినర్‌కు తెలియదు. హైదరాబాద్ మీటప్ నిర్వాహకుడికి తెలుసు, తెలియనట్టుంటాడు. ఆ కమిటీల్లో మనవాళ్లు కూర్చోవాలి. 60 శాతం షరతు పెట్టే కంపెనీని క్యాంపస్‌లోకి ఎందుకు రానిస్తున్నారని విద్యార్థి సంఘాలు ప్లేస్‌మెంట్ సెల్‌ను ఈ ఏడాదే నిలదీయాలి.