సగటు వానతో పంట పండదు

అనంతపురము సీమ సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లని మన బాలురు భూగోళ పాఠములో వల్లించుచున్నారు. లెక్క సత్యమే. కాని సగటు వాన ఏ చేనిమీదను కురియదు. ఏ కార్తెలో, ఎన్ని దినములు, ఎంత ధారగా కురిసినదనునదే రైతునకు ముఖ్యము. వేరుసెనగ ఊడలు దిగువేళ మబ్బు మొగము చాటువేసి, పీకి చేన ఆరవేసిన చెట్లపై ముసురు పట్టినచో ఏటి మొత్తము సరిపోవచ్చును. రైతు ఇల్లు గడవదు.

2009వ సంవత్సరమును తలచుకొందము. ఆ నైరృతి ఋతువున దేశమున వాన సుమారు 22 శాతము తగ్గినది. కరవు తప్పదని జనులు నిట్టూర్చుచుండగనే, అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలును, మంత్రాలయమును ముంచెత్తినవి. 2021 నవంబరులో చెయ్యేటి వరదకు అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ పల్లెలు ధ్వంసమైనవి.

దీని కారణము శాస్త్రమునకు తెలియనిది కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగ నీటియావిరిని మోయగలదు. అట్టి గాలి నేలను త్వరగా ఎండగట్టును. విడిచినపుడు ఒక్కమారుగ కుమ్మరించును. మధ్యభారతమున విస్తారమైన అతివృష్టి ఘటనలు 1950 మొదలు 2015 లోపల మూడింతలైనవని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

గాలి వేడిని మనమొక్కరమే తగ్గింపజాలము. అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొన్నది. దినమునకు వేయిమంది కూలీలు రెండేండ్లు శ్రమించి ఆ చెరువును కట్టిరట! చెరువు వరద వేగము నడచును. ఆ నీటినే ఎండనాటికి దాచును. పెద్ద ప్రాజెక్టులు వలదని నా మాట కాదు. కాలువ యెక్కని మిట్టచేలకు చెరువే దిక్కు. మనమో వంకలలో ఇండ్లు కట్టి, మరవలు పూడ్చి, వాన రాలేదని ఒక యేడు, వచ్చినదని మరియొక యేడు దైవమును నిందించుచున్నాము. 2022 అక్టోబరులో వంక పొంగి అనంతపురము పట్టణపు కాలనీలే నీట మునిగినవి.

ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. ప్రతి పాఠశాలయందును వర్షమాపకము నుంచి, దినదినపు వానను పిల్లలచేత వ్రాయింపవలెను. ఊరి వంక ఎచట పుట్టి ఏ చెరువున చేరునో, నడుమ దాని దారి ఎచట మూసుకొనిపోయినదో పటము గీయింపవలెను. ఆ పటము చేతబట్టి బాలుడు రేపు గ్రామసభలో ప్రశ్నించిననాడు పెద్దలు బదులు చెప్పక తప్పదు.