ప్రతి పుండూ షుగరు పుండు కాదు

కాలిమీద పుండు మానకపోతే మన గోదావరి సీమలో వినబడే మాటలు మూడు: షుగరు పుండు, చీము పట్టింది, కోసి శుభ్రం చేయాలి. చాలాసార్లు ఈ మాటలు నిజమే. నిజం కానప్పుడు మాత్రం ఆ కత్తే రోగికి శత్రువవుతుంది. పుండుకు కారణం తేల్చకుండా పదేపదే కోసే అలవాటును నేను వ్యతిరేకిస్తున్నాను.

పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అనే అరుదైన చర్మవ్యాధి ఉంది. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు దానికి ఆ పేరు పెట్టారు. చీము పట్టి కుళ్ళే చర్మమని ఆ పేరుకు అర్థం. పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఇది క్రిములవల్ల రాదు, ఒకరినుంచి మరొకరికి అంటదు. మనల్ని కాపాడవలసిన తెల్లరక్తకణాలలో న్యూట్రోఫిల్స్ అనేవి అదుపు తప్పి సొంత చర్మాన్నే దెబ్బతీస్తాయి.

చిన్న చీముపొక్కుగా మొదలై, కొద్దిరోజులలోనే పెద్ద పుండవుతుంది. అంచు వంకాయ రంగుకు తిరుగుతుంది; ఆ అంచు కింద గుల్లగా ఉంటుంది. నొప్పి దుర్భరం. ఎక్కువగా మోకాలి కింద, ముందువైపున వస్తుంది. మధుమేహంవల్ల నరాలు మొద్దుబారి ఏర్పడే పుండు సాధారణంగా పాదంలో, నొప్పి తెలియకుండా పుడుతుంది. ఈ తేడా గ్రహించడానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు.

దీనికి ఒక ప్రమాదకరమైన స్వభావం ఉంది. కొందరు రోగులలో గాయం తగిలినచోటనే వ్యాధి విజృంభిస్తుంది. దీనిని పేథర్జీ అంటారు. అటువంటివారికి శుభ్రం చేయడానికి కోసినకొద్దీ పుండు పెరుగుతుంది. పెరిగింది కనుక మళ్ళీ కోస్తారు, యాంటీబయాటిక్ మారుస్తారు. చివరకు కాలు తీసివేయాలన్న మాట వస్తుంది. అప్పటికైనా ‘అసలు ఇదేమిటి?’ అని అడగకపోవడం క్షమించరానిది.

‘ముక్క పరీక్షకు కోసినా పుండు పెరగదా?’ అని కొందరంటారు. పెరగవచ్చు. అయినా అంచునుంచి తీసే చిన్న ముక్క మనకు సమాచారమిస్తుంది; గుడ్డిగా చేసే కోత ఏమీ ఇవ్వదు. 2018లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన ప్రమాణాలలో ప్రధానమైనది అంచు ముక్కలో న్యూట్రోఫిల్స్ గుమిగూడి కనిపించడమే. దానితోపాటు ఎనిమిది ఉపలక్షణాలలో కనీసం నాలుగు ఉండాలి. క్రిముల వ్యాధి కాదని తేల్చడం వాటిలో ఒకటి.

ఇది చదివి స్టెరాయిడ్ మాత్రలకోసం మందుల దుకాణానికి పరుగెత్తడమూ అంతే తప్పు. ఈ పేరు పెట్టిన రోగులలో సుమారు పదిమందికి ఒకరికి నిజానికి వేరే వ్యాధి ఉన్నట్లు 2002లో వెలువడిన మేయో క్లినిక్ పరిశోధన చూపింది: రక్తనాళాల వ్యాధులు, క్యాన్సర్, క్రిముల వ్యాధులు. క్రిములున్నచోట స్టెరాయిడ్ వాడితే నిప్పుకు ఆజ్యం పోసినట్లే.

యానాం వాసులకు మరొక చిక్కు ఉంది. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. పుండు చీటీ ఒక ఆసుపత్రిలో, పేగుల వైద్యం కాగితాలు కాకినాడలో, రక్తపరీక్షలు ఇంకొకచోట ఉండిపోతాయి. ఈ వ్యాధిగ్రస్తులలో సుమారు సగం మందికి పేగుపూత, కీళ్ళవాతం, రక్తకణాల వ్యాధులవంటివి ఏదో ఒకటి తోడుగా ఉంటుంది. రక్తవిరేచనాల సంగతి పుండు చూసే వైద్యునికి తెలియకపోతే ముడి విడదు. కనుక మీ కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టుకొని వెళ్ళండి.

దూరం ఇక సాకు కాదు. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల ఉంది. యానాంలోనే 2024 ఫిబ్రవరిలో జిప్మర్ వారి 90 పడకల కేంద్రం ప్రారంభమైంది. ఫార్మలిన్ సీసాలో ముక్క ఎంత దూరమైనా వెళ్ళగలదు. తీసివేసిన కాలు తిరిగి రాదు.

జ్వరం, దుర్వాసన, వేగంగా పాకే వాపు ఉంటే శస్త్రచికిత్సను నిరాకరించకండి; అక్కడ కత్తే ప్రాణదాత. కాని కోసినకొద్దీ పెరుగుతున్న పుండు మీ ఇంట ఎవరికైనా ఉంటే, మరొక కోతకు సంతకం చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి: చీమును కల్చర్ పరీక్షకు పంపారా? అంచు ముక్క తీశారా? చర్మవైద్యుడు చూశాడా? రోగి ఈ ప్రశ్నలు అడిగాడని మంచి వైద్యుడెవరూ నొచ్చుకోడు.