నాల్ తీస్తే సరిపోదు, నేల మార్చాలి



వీడియోలో మా చుక్కను చూశారు కదా. నాలుగు కాళ్లకూ ఇనుము లేకుండా మొరం మీద టకటకా నడుస్తున్న ఆ ఎర్ర గుర్రమే చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని ఆ పేరు పెట్టుకున్నాం. ఈ వీడియోలో చిన్న ముక్క ముందుగా వాట్సాప్‌లో పెట్టాను. అప్పటి నుంచి ఫోన్లు. "అన్నా, మేం గూడ మా గుర్రానికి నాల్ పీకేయించినం, ఇగ ఫుల్ నేచురల్" అని సంతోషంగా చెప్తున్నారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. ఎందుకంటే నేనూ సరిగ్గా అదే పని చేసి, ఒక మూగజీవిని నెలల తరబడి కుంటించాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వీలైనంత వరకు గుర్రం గిట్టకు ఇనుము లేకుండా ఉండటమే మంచిది. కానీ నేల, మేత, నడక మార్చకుండా ఇనుము ఒక్కటే తీసేయడం ప్రకృతి పద్ధతి కాదు. యూరియా బస్తా బంద్ చేసి, జీవామృతం పోయకుండా, ఆచ్ఛాదన వేయకుండా "నేను ప్రకృతి రైతును" అని చెప్పుకున్నట్టే ఉంటుంది అది.

హైటెక్ సిటీ పక్కన గుర్రాలేంటి?

1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఎలా మారిపోయాయో మీకు తెలుసు. కానీ అక్కడి నుంచి గండిపేట, అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు వస్తే గుర్రపు స్వారీ నేర్పే చోట్లు కనిపిస్తాయి. దానికి ఒక కారణం 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో తెచ్చిన ఆ ఉత్తర్వు 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుపడింది. దాంతో ఐటీ కారిడార్ పక్కనే ఇంత మట్టి మిగిలింది. మట్టి మిగిలిన చోటే గుర్రం నిలబడింది. శనివారం, ఆదివారం పిల్లల్ని స్వారీకి తీసుకొచ్చేవాళ్లే పోతూ పోతూ మా దగ్గర కూరగాయలు, నెయ్యి కొనుక్కుపోతారు. మనలో కొందరు వాళ్లను చూసి ఫామ్‌లో ఒక గుర్రాన్ని కట్టేస్తున్నారు కూడా.

రెండో రకం బరాత్ గుర్రాలు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్ల ముందు తారు రోడ్డు మీద, డీజే పక్కన, గంటలకు గంటలు నిలబడేవి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. మన ఊళ్లో గుర్రం కుంటిదైనా బరాత్‌కు తక్కువ లేదు. ముస్తాబు చూస్తాం, కాళ్ల వైపు ఎవరూ చూడరు.

చుక్క అట్లాంటి గుర్రమే. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయి, మేతకు కూడా డబ్బులు లేక దాని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఎరువుకు పనికొస్తుంది, పిల్లలు ఆడుకుంటారు అని నేను కొన్నాను. అగ్రికల్చర్ డిప్లొమా చదివినోణ్ణి, ఆవుల్ని పెంచినోణ్ణి, గుర్రం ఎంత పని అనుకున్నా.

నేను చేసిన తప్పు

అమెరికా వీడియోలు నాలుగు చూశా. ఇనుప నాల్ గిట్టను బిగించేస్తుంది, తీసేస్తే గిట్ట ఊపిరి పీల్చుకుంటుంది అన్నారు. మరుసటి రోజే నాలుగు నాల్‌లూ తీయించి, మా పొలంలో మొరం దారి మీద వదిలేశా. వారం తిరక్కముందే చుక్క అడుగు తీసి అడుగు వేయడానికి ముల్లు మీద నడిచినట్టు చేసింది. మేత దగ్గరికి కూడా రాలేదు. డాక్టర్ వచ్చి చూసి, అరికాలు బాగా పలుచగా ఉందన్నారు.

పాతబస్తీ నుంచి ఒక ముసలి నాల్‌బంద్ చాచాను పిలిపించా. ఆయన గిట్ట ఎత్తి, బొటనవేలితో అడుగున నొక్కి చూశాడు. "బేటా, నాల్ తీసుడు ఎంతసేపు? అర్ధగంట పని. ఇన్నేళ్లు చెప్పులేసుకున్నోణ్ణి రాళ్ల మీద నడువుమన్నవ్" అన్నాడు. ఆ రోజు సిగ్గుతో తల దించుకున్నా.

తర్వాత ఇసుక పోసిన చోట కొన్ని వారాలు ఉంచాం. బయటికి నడిపించేటప్పుడు ముందు కాళ్లకు రబ్బరు బూట్లు కట్టాం. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన కొత్త గిట్ట ముందు భాగంలో నేల దాకా దిగిరావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఇవాళ మీరు పెట్టే మేత ఎట్లాంటిదో గిట్ట వచ్చే ఏడాది చెప్తుంది. మన నేలలో సేంద్రియ కర్బనం పెరగడానికి పట్టే ఓపికే ఇక్కడా కావాలి.

గిట్ట అంటే చచ్చిన కొమ్ము కాదు

గిట్టను తిప్పి చూస్తే మధ్యలో త్రికోణంగా రబ్బరు లాంటి భాగం ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని ఫ్రాగ్ అంటారు, అంటే కప్ప. మడమ దగ్గర, దాని పైన లోపల మెత్తటి దిండు లాంటి కండ ఉంటుంది. గుర్రం అడుగు వేసినప్పుడు గిట్ట వెనుక భాగం కొద్దిగా విచ్చుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు మళ్లీ దగ్గరకొస్తుంది. ఈ కదలికే దెబ్బను ఆపుతుంది, కాలిలోని రక్తాన్ని పైకి పంపడానికి కూడా సాయపడుతుంది. మేకులతో కొట్టిన గట్టి ఇనుము ఈ విచ్చుకోవడాన్ని తగ్గిస్తుంది. వట్టి కాళ్లు మంచివి అనేవాళ్ల అసలు వాదన ఇదే. నాకు అది సబబుగానే కనిపిస్తుంది.

కానీ ఇంకో వైపు కూడా వినాలి. అమెరికాలో జేమీ జాక్సన్ అనే నాల్‌బంద్ 1980లలో అడవి ముస్టాంగ్ గుర్రాల గిట్టలను చూసి, 1992లో 'ది నేచురల్ హార్స్' అనే పుస్తకం రాశాడు. వట్టి కాళ్ల పద్ధతికి అది పెద్ద ఊపు ఇచ్చింది. అయితే న్యూజిలాండ్‌లో కైమనావా అడవి గుర్రాల గిట్టలను పరిశోధకులు పరీక్షిస్తే వాటిలోనూ చాలా లోపాలు కనబడ్డాయి. అడవిలో ఉన్నంత మాత్రాన గిట్ట బాగుండదు. ఏ నేల మీద, ఎంత నడిచింది, ఏం తిన్నది అన్నదే లెక్క.

ఇది మన తాతలకు తెలియని సంగతేం కాదు. మా తాత దుక్కి దున్నే ఎడ్లకు నాల్‌లు కొట్టించేవాడు కాదు. బండి కట్టి కంకర రోడ్డు మీద అంగడికి పోయే జతకే కొట్టించేవాడు, కాలికి రెండేసి బిళ్లలు. దుక్కిలో నేల మెత్తన, రోడ్డు మీద నేల గట్టి. నేలను బట్టి కాలు అన్నది ఆయన లెక్క. గుర్రానికీ అదే లెక్క.

నేల, మేత, నడక

ముందు నేల. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనఫన్, గుర్రాన్ని కట్టేసే వాకిట్లో గుండ్రటి రాళ్లు పరిచి దాని మీద నిలబెడితే గిట్టలు గట్టిపడతాయని రాశాడు. అప్పటికి మేకులు కొట్టే నాల్ వాడుకలో లేదు. మన దక్కన్‌లో ఆ రాళ్లు కొనాల్సిన పని కూడా లేదు. రాయదుర్గం, ఖాజాగూడ గుట్టల గ్రానైట్ అరిగి అరిగి వచ్చిన ఎర్ర మొరమే గిట్టకు ఆకురాయి. దాని మీద తారు పోసేసి, ఇప్పుడు గిట్టలు అరిగిపోతున్నాయని ఇనుము కొడుతున్నాం.

నేను చేసింది వీడియోలో వివరంగా ఉంది. పొలం గట్టు వెంబడి చుట్టూ పన్నెండు అడుగుల వెడల్పు దారి తీసి కంచె వేశా. కొంత మెత్తటి మట్టి, కొంత ఇసుక, కొంత మొరం, నీళ్ల తొట్టి దగ్గర గులకరాళ్లు. మేత ఒక మూల, నీళ్లు ఇంకో మూల. తినాలన్నా తాగాలన్నా నడవాల్సిందే. జాక్సన్ 2006లో చెప్పిన ఆలోచనే ఇది, మన గట్టుకు సరిపోయేట్టు మార్చుకున్నా. మధ్యలో నా కూరగాయలు నావే.

వానాకాలం మాత్రం జాగ్రత్త. బురదలో, పేడలో నిలబడితే కప్ప భాగం కుళ్లి నల్లగా, దుర్వాసనగా తయారవుతుంది. రోజూ గిట్ట ఎత్తి శుభ్రం చేయడం, నీళ్లు నిలవని ఎత్తైన చోటు ఒకటి ఇవ్వడం, ఈ రెండే సగం మందు.

తర్వాత మేత. ఇక్కడ ఆవుల రైతులు బాగా వినాలి. మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో మన దక్షిణాది తీరానికి వచ్చినప్పుడు, మాబార్ రాజులు వేలకొద్దీ గుర్రాలు కొంటున్నారని, వాటికి అన్నం, మాంసం ఉడికించి పెడుతున్నారని, చూసుకునే నేర్పు లేక అవి చచ్చిపోతున్నాయని రాశాడు. మనం అన్నం పెట్టడం లేదు గానీ శనగలు, బెల్లం, తవుడు దండిగా పెడుతున్నాం. పిండిపదార్థం ఎక్కువైతే లామినైటిస్ వస్తుంది. గిట్ట గోడను లోపలి ఎముకతో పట్టి ఉంచే పొరలు వాచి, పట్టు వదిలేస్తాయి. అప్పుడు నాల్ ఉన్నా లేకున్నా గుర్రం లేవదు.

తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మనం ఆవులకు వేసే నేపియర్ గడ్డిలో ఆక్సలేట్ ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు అరిగించుకుంటాయి, గుర్రానికి ఆ వెసులుబాటు తక్కువ. ఏడాదంతా ఒక్క నేపియర్ మీదే ఉంచితే ఎముకలు దెబ్బతింటాయి. పచ్చిజొన్న కూడా గుర్రానికి మంచిది కాదు, మూత్రాశయం పాడవుతుంది. చుక్కకు ఇప్పుడు ఎండు గరిక ముఖ్యం, తోడుగా కొంచెం లూసర్న్, ఉప్పుగడ్డ. పొలంలో శత్రువులా చూసి పీకి పారేసే గరికే గుర్రానికి మేలైన మేత. మార్చేటప్పుడు కూడా ఒక్కరోజులో మార్చొద్దు, పది పదిహేను రోజుల్లో మెల్లగా మార్చాలి.

చివరిది చెక్కడం. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి గిట్ట అంచును ఆకురాయితో గుండ్రంగా దిద్దాలి. అరికాలును కత్తితో లోతుగా చెక్కొద్దు, అది దాని చెప్పు. ఇది వీడియో చూసి చేసే పని కాదు. నేను నేర్చుకోవడానికే ఏడాది పట్టింది. ఇప్పటికీ తెలిసినవాళ్లతో చూపించుకుంటా.

మరి నాల్ ఉన్నవాళ్లంతా దుర్మార్గులా?

కాదు. రోజూ తారు మీద పనిచేసే గుర్రానికి, గిట్ట పగిలిన గుర్రానికి, డాక్టర్ చెప్పిన గుర్రానికి నాల్ అవసరం ఉండొచ్చు. వారానికి నాలుగు బరాత్‌లు చేస్తేనే ఇల్లు గడిచే మనిషి దగ్గరికి పోయి "నాల్ తీసెయ్యి" అని చెప్పే హక్కు, రెండెకరాల మొరం ఉన్న నాకు లేదు. ఆయన బతుకు తారు మీద ఉంది. ఆ తారు వేసుకున్నది, ఆ బరాత్ అడిగేది మనమే.

అందుకే నేను అడిగేవి వేరు. పెళ్లికి గుర్రం మాట్లాడేవాళ్లు ముందు దాని నాలుగు అడుగుల నడక చూడండి. తల ఎగరేస్తూ, కాలు ఈడుస్తూ ఉంటే ఆ గుర్రం వద్దనండి. బరువులు లాగే, మోసే పశువుల విషయంలో 1965 నుంచి కేంద్ర నిబంధనలున్నాయి, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించరాదని. ఆ టైంలో ఊరేగింపు పెట్టకండి. పిల్లల్ని స్వారీకి పంపే అమ్మానాన్నలు ఫీజుతో పాటు "గిట్టలు ఎప్పుడు దిద్దారు, రోజులో ఎంతసేపు బయట తిరుగుతుంది" అని కూడా అడగండి.

ఇక మన రైతులకు. గట్టు వెంబడి పన్నెండు అడుగుల దారి వదిలితే, సీజన్ లేని ఆషాఢంలో, శూన్యమాసాల్లో బరాత్ గుర్రాలు రెండు నెలలు వచ్చి మట్టి మీద నడవొచ్చు. మేత ఖర్చు యజమానిది, ఎరువు మనది. నేను నిరుడు రెండు గుర్రాలతో మొదలుపెట్టా. లాభం పెద్దగా లేదు, నష్టమూ లేదు. వాటికి నాల్‌లు ఇంకా ఉన్నాయి, కొత్త సీజన్‌కు మళ్లీ కొడతారు కూడా. అయినా ఆ రెండు నెలలు మట్టి మట్టే.

మీలో గుర్రానికి నాల్ తీయించాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ముందు దారి వేయండి, మేత మార్చండి, డాక్టర్‌కు, మంచి నాల్‌బంద్‌కు చూపించండి. ఆ తర్వాత నాల్ సంగతి చూద్దాం. ఇవేవీ చేయలేమంటే నాల్ ఉండనివ్వండి. చుక్క ఇవాళ మొరం మీద నడుస్తుందంటే అది నా గొప్ప కాదు, నా తొందరను అది ఓర్చుకుంది.