నాలుగు సెంటీమీటర్ల సోకు

బెజవాడ ఆటోనగర్‌ది బండిని పైకి లేపే చెయ్యి. 1960ల్లో మొదలైన ఈ పేటలోకి లారీ వచ్చిందంటే మేస్త్రీ కళ్లు ముందు కమాన్ల మీద పడతాయి. ఇసుకో కంకరో ధాన్యమో మోసే బండికి కంపెనీ ఇచ్చిన పట్టీలు చాలవని ఇంకో రెండు ఎక్కిస్తారు. కార్లకూ ఇక్కడ అదే వైద్యం. వెనక సీటు నిండితే అడుగు తగులుతోందని చెబితే చాలు, స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి పంపుతారు. అలాంటి చోటికి ఇప్పుడు కాలేజీ కుర్రాడు ఏపీ 16 నంబరున్న పాత స్విఫ్ట్ తోలుకొచ్చి, ‘అన్నా, బండి కూర్చోవాలి’ అంటున్నాడు. మేస్త్రీకి మొదట అర్థం కాదు. అర్థమయ్యాక నవ్వుతాడు. నవ్వుతూనే స్ప్రింగు కోయడానికి గ్రైండరు అందుకుంటాడు. గొడవంతా ఆ గ్రైండరుతోనే.

కుర్రాడి కంటికి వంక పెట్టలేం. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ ఉన్న కారు, పంచె ఎగ్గట్టి చేలో దిగిన మనిషిలా కనిపిస్తుంది. ఆ ఖాళీ తగ్గితే అదే కారుకు ఎక్కడలేని ఠీవి వస్తుంది. పదేళ్ల పాత బండికి కొత్త రంగు వేయించినా రాని మార్పు నాలుగు సెంటీమీటర్లు దించితే వస్తుంది. అయితే పంచె ఎగ్గట్టిన మనిషికి దిగాల్సిన బురద ఉందన్న సంగతి కూడా గుర్తుండాలి.

ఈ పిచ్చి మనతో మొదలైంది కాదు. 1940ల్లో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికో మూలాలున్న కుర్రాళ్లు పాత కార్ల డిక్కీల్లో ఇసుక బస్తాలు వేసి వాటిని కిందికి దించేవాళ్లు. ఇంతకంటే చవకైన ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు, అక్కర తీరాక బస్తా దించేయొచ్చు కూడా. (కృష్ణ ఇసుక పక్కనే పెట్టుకుని మనవాళ్లకు ఇది తట్టకపోవడమే వింత.) ఆ తర్వాత స్ప్రింగులు కోశారు. చక్రం రిమ్ము కింది అంచు కంటే కారులో ఏ భాగమూ కిందికి రాకూడదని 1958లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. దానికి జవాబుగా రాన్ అగిర్రే అనే కుర్రాడు 1959లో తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనబడితే మీట నొక్కి కారును లేపడం, వెళ్లిపోయాక దించడం. ఆ ఆంక్ష తొలగి కారు దర్జాగా కిందికి దిగడానికి 2024 జనవరి 1 దాకా పట్టింది. కథలో గమనించాల్సింది పంపు సంగతి. ప్రపంచానికి లోరైడర్లను, అంటే ఇలా కిందికి దించిన కార్లను, ఇచ్చిన ప్రాంతంలో కూడా, కారును దించినవాడికి దాన్ని మళ్లీ లేపే దారి అవసరమైంది. కోసిన స్ప్రింగుకు ఆ దారి లేదు.

కోత చవక. విప్పి, కోసి, బిగించడానికి ఒక పూట పని. లోపల జరిగేది వేరు. స్ప్రింగులో పని చేసే చుట్లు ఆరు ఉన్నాయనుకుందాం. ఒకటి కోస్తే మిగిలిన స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. షాకబ్జర్లు మాత్రం పాతవే, పాత స్ప్రింగు లెక్కకు చేసినవే. అవి ఆడాల్సిన నిడివిలో కొంత ముందే నలిగి ఉంటుంది కాబట్టి ప్రతి గుంతలో అడుగున ఉన్న రబ్బరు స్టాపు మీద కొట్టుకుంటాయి. కారు గుంత దాటి చక్రం కిందికి వేలాడిన క్షణంలో పొట్టి స్ప్రింగు వదులై సీటు నుంచి పక్కకు జరిగే ప్రమాదమూ ఉంది. కొందరు కోయకుండా గ్యాసు మంటతో కాల్చి కుంగదీస్తారు. అది ఇంకా దారుణం, ఉక్కు బిగువే పోతుంది. ఇక కారు దిగడంతో అలైన్‌మెంట్ తప్పిన చక్రం టైరును లోపలి అంచున తినేస్తుంది. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదే. లోపల తీగలు బయటపడి ఉంటాయి.

అసలు లెక్క స్పీడు బ్రేకరు దగ్గర తేలుతుంది. ఇప్పటి స్విఫ్ట్‌కు నేల నుంచి కంపెనీ చెప్పే ఎత్తు 163 మిల్లీమీటర్లు, ఆరంగుళాల పైచిలుకు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. ఈ కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లే. అంటే సరైన కొలతల్లో కట్టిన బ్రేకరు మీద నాలుగు చక్రాలూ ఎక్కి నిలబడతాయి, బొడ్డు కింద పొడుచుకొచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లకు మించదు. కారును నాలుగు సెంటీమీటర్లు దించినా అక్కడ హాయిగా దాటుతుంది! మరి మన ఊళ్లలో ఉన్నవి ఆ బ్రేకర్లేనా? రాత్రికి రాత్రి ఇంటి ముందు పోసిన కాంక్రీటు గట్లు, వెడల్పు ఒక అడుగో రెండు అడుగులో. వాటి ఎత్తు మొత్తం చక్రాల మధ్యే నిలబడుతుంది. దించిన కారుకు మిగిలేది 123 మిల్లీమీటర్లు. అందులో అమ్మానాన్న, చెల్లెలు ఎక్కి డిక్కీలో బియ్యం మూట వేస్తే ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు పోతాయి. తరవాత వినపడేది ఆయిల్ చాంబర్ గీసుకున్న చప్పుడు. చాంబర్ పగిలి ఆయిలు కారిపోయాక కూడా నడిపితే ఇంజనే పోతుంది. స్ప్రింగు కోతలో మిగిల్చిన డబ్బులు ఆ బిల్లులో ఏ మూలకూ రావు.

ఊరు దాటితే డెల్టా. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కనుక దాని మీద వేసిన తారు రోడ్డు అలలు తిరిగి ఉంటుంది. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి వైపు కాలవ గట్ల రోడ్ల మీద వెళ్లిన వాళ్లెవరికీ ఇది కొత్త కాదు. కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకు పోతుంది, దాని చుట్టూ బండ్లు ఎక్కకుండా తలకాయంత రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తినా రాళ్లు ఒక్కోసారి అక్కడే ఉంటాయి. రాత్రి పూట ఎదురు లైట్లలో ఆ రాయి కనపడదు.

నీళ్ల విషయంలో మాత్రం నిజాయితీగా ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎత్తు కార్లూ మునిగాయి, పొట్టి కార్లూ మునిగాయి. అలాంటి నీటిలో నాలుగు సెంటీమీటర్లకు విలువ లేదు. విలువంతా మామూలు వానలోనే. గంట వానకు రోడ్డు మీద మోకాలి దిగువ నీళ్లు నిలిచినప్పుడు దాటే కారుకీ ఆగిపోయే కారుకీ మధ్య తేడా ఒక్కోసారి ఆ నాలుగు సెంటీమీటర్లే.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన లక్షణాలను మార్చడానికి ఒప్పుకోదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఎ సెక్షను ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చంటోంది. చెవులు చిల్లులు పడే సైలెన్సరు ముందు దొరుకుతుంది కానీ, వంగి స్ప్రింగు చుట్లు లెక్కపెట్టే కానిస్టేబులు అరుదు. ప్రమాదం జరిగాక వచ్చే బీమా సర్వేయరు వంగుతాడు. అది ఆయన ఉద్యోగం.

అయితే తక్కువ డబ్బులో సోకు చేసుకునే దారే లేదా? ఉంది, పైగా దాన్ని కంపెనీయే చూపించింది. 2018 నాటి స్విఫ్ట్ చవక రకానికి 165/80 ఆర్14 టైర్లు, ఖరీదైన రకానికి 185/65 ఆర్15 టైర్లు. లెక్క వేస్తే రెండు చక్రాల మొత్తం ఎత్తూ ఇంచుమించు సమానం, రెండు మిల్లీమీటర్లు తేడా. స్పీడోమీటరు తప్పదు, బొడ్డు కిందికి రాదు. వెడల్పు టైరు, పెద్ద రిమ్ము కంటికి ఆ ఖాళీని సగం మింగేస్తాయి. పై రకం నుంచి తీసిన వాడిన అలాయ్ సెట్టు కోసం ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగితే పోయేదేం లేదు. చట్టం సంగతి తెలిసీ కారును దించే తీరాలన్న పట్టుదల ఉంటే, ఆ మోడలు కోసమే చేసిన పొట్టి స్ప్రింగులు, వాటికి సరిపడే షాకబ్జర్లు కొనాలి. పాత స్ప్రింగులు అటక మీద భద్రంగా ఉండాలి. బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి. అంత ఖర్చు పెట్టలేని వాడికి ఈ శీర్షిక చెప్పేది ఒకటే: గ్రైండరు వద్దు.

నమ్మకం కుదరకపోతే మేస్త్రీ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో నలుగురినీ కారెక్కించి, డిక్కీలో సామాను వేసి, మీ వీధి చివర స్పీడు బ్రేకరు మీద నిలపండి. దిగి, టేపు పట్టుకుని కారు అడుగున కొలవండి. ఎన్ని సెంటీమీటర్లు మిగిలాయో చూశాకే నిర్ణయించుకోండి.